ఆ ప్రసంగం నేను డాలర్ కోసం విన్నాను, మా డ్రైవర్ పెట్రోల్ కోసం విన్నాడు: లాగోస్‌లో నా అనుభవం

2023 మే 29, సోమవారం. నైజీరియాలో కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారం, అందుకని దేశమంతా సెలవు. నేను లాగోస్‌లో, ఇలుపెజులోని మా ఫ్లాట్‌లో టీవీ ముందు కూర్చున్నాను. రాజధాని అబుజాలో ఈగిల్ స్క్వేర్ నిండా జనం. బోలా టినుబు ప్రమాణం చేసి మైకు ముందుకొచ్చారు. 2019లో ఇక్కడికి వచ్చినప్పటి నుంచి రోజూ ఇక్కడి పేపర్ చదవడం నాకు అలవాటు, పని చేస్తున్న దేశం గురించి పట్టించుకోకుండా ఎలా ఉంటాం? కానీ ఆ రోజు మాత్రం నేను ఒక్క ముక్క కోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. డాలర్ గురించి ఏమంటారు?

కారణం చెబుతాను. ఇకెజాలో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో నేను కొనుగోళ్ళు చూస్తాను. బకెట్లు, కుర్చీలు, సీసా మూతలు చేస్తాం. వాటికి కావలసిన దానా, అంటే ప్లాస్టిక్ గుళికలు, మాకు ఓడల మీద బయటి దేశాల నుంచి రావాలి. డబ్బు డాలర్లలో కట్టాలి. అప్పట్లో నైజీరియాలో డాలర్‌కి రెండు ధరలు ఉండేవి. నైరా అంటే ఇక్కడి కరెన్సీ. సెంట్రల్ బ్యాంకు ధర 460 నైరాల చిల్లర, బజారు ధర 750 పైన. బ్యాంకు ధరకి కావాలంటే ఫారం ఎం, అంటే దిగుమతి అర్జీ, పెట్టుకుని, ఎల్సీ, అంటే అమ్మినవాడికి డబ్బు కడతామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం, తెరిపించుకుని, నెలల తరబడి బ్యాంకు చుట్టూ తిరగాలి. దొరక్కపోతే బజార్లో అబోకీల దగ్గర కొనాలి. డాలర్లు మార్చే వాళ్ళని ఇక్కడ అలా పిలుస్తారు, హౌసా భాషలో ఆ మాటకి స్నేహితుడని అర్థం. 460కి ఎవరికి దొరుకుతుందో, ఎవరికి దొరకదో, ఎందుకో ఎవరూ చెప్పలేరు. అక్కడ కొని ఇక్కడ అమ్మితే చాలు, ఒక్క వస్తువు కూడా తయారు చేయకుండా డబ్బే డబ్బు. వందమందికి పని ఇచ్చే ఫ్యాక్టరీ మాత్రం దానా లేక మెషీన్లు ఆపుకుని కూర్చోవాలి. ఇది నాకు నాలుగేళ్ళుగా కడుపు మండిస్తున్న విషయం. నా టేబుల్ మీద ఒక పొడవాటి రిజిస్టర్ ఉండేది. పొద్దున్నే వెళ్ళగానే రెండు గళ్ళలో రెండు ధరలు రాసుకోవడం నా మొదటి పని.

ప్రసంగం మొదలైంది. ఆర్థిక వ్యవస్థ ఏటా 6 శాతానికి తగ్గకుండా పెరగాలన్నారు. డిజిటల్ రంగంలో 10 లక్షల ఉద్యోగాలన్నారు. కరెంటు ఉత్పత్తి దాదాపు రెట్టింపు కావాలన్నారు. ఆ ఫిబ్రవరిలో పాత నోట్ల రద్దుతో జనం నానా అవస్థలూ పడ్డారు, దాని గురించి కూడా మాట్లాడారు, సెంట్రల్ బ్యాంకు మరీ కఠినంగా అమలు చేసిందని, పాతవీ కొత్తవీ రెండూ చెల్లుతాయని. ఏటీఎం ముందు తెల్లవారుజామున లైన్లో నిలబడ్డవాణ్ణి కదా, ఆ మాటకి నాకు ప్రాణం లేచి వచ్చింది. అంతకు ముందే పెట్రోల్ సబ్సిడీ గురించి ఏదో అన్నారు. దాని వెనకే వచ్చింది నేను ఎదురుచూస్తున్న మాట. ద్రవ్య విధానానికి ఇల్లు కడిగినట్టు శుభ్రం చేయడం అవసరమని, డాలర్‌కి ఒకే ధర ఉండేలా సెంట్రల్ బ్యాంకు పని చేయాలని, వడ్డీ రేట్లు కూడా తగ్గాలని.

నేను లేచి నిలబడ్డాను. కాకినాడలో ఉన్న మా ఆవిడకి ఫోన్ చేసి గుక్క తిప్పుకోకుండా చెప్పాను, ఇక రెండు ధరల పీడ పోతుంది, మా కంపెనీకి మంచి రోజులొస్తాయి అని. ఆవిడ అంతా విని, "అది సరేనండీ, మనకి వచ్చే డబ్బు పెరుగుతుందా, తగ్గుతుందా?" అంది. పెరుగుతుందనే చెప్పాను. అప్పుడు నేను మనస్ఫూర్తిగా నమ్మిందే చెప్పాను.

ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకి మా కంపెనీ డ్రైవర్ నుంచి కాల్. సెలవు రోజు అతను ఎప్పుడూ ఫోన్ చేయడు. "ఓగా, విన్నారా? ఫ్యూయల్ సబ్సిడీ డోన్ గో!" అన్నాడు. ఓగా అంటే ఇక్కడ సార్ అన్నట్టు. పిజిన్‌లో, అంటే ఇక్కడి వాడుక ఇంగ్లీషులో, అతను అన్న ముక్కకి అర్థం, సబ్సిడీ పోయింది అని. అతను అదే ప్రసంగం రేడియోలో విన్నాడు. నేను "ఏదో అన్నారు" అని దాటేసిన ఆ వాక్యమే అతనికి మొత్తం ప్రసంగం. "కారులో పెట్రోల్ ఎంతుంది?" అని అడిగితే పావు ట్యాంకు ఉందన్నాడు. "ఇప్పుడే వెళ్ళి కొట్టించెయ్యి" అన్నాను. "ఇప్పటికే లైన్లున్నాయి ఓగా" అన్నాడు.

సాయంత్రం నేనే నడుచుకుంటూ బయటికి వెళ్ళి చూశాను. మా ఇంటికి దగ్గర్లో ఉన్న బంకు గేటు మూసేసి ఉంది. పొద్దున తెరిచే ఉంది, పంపు దగ్గర కుర్రాడు కూడా ఉన్నాడు, నేను కళ్ళారా చూశాను. లోపల సరుకు లేదంటున్నారు. గేటు బయట కార్లు రోడ్డు మలుపు దాటి ఆగి ఉన్నాయి, మధ్యలో పసుపు రంగు డాన్ఫో బస్సులు, వాటి పక్కన పాతిక లీటర్ల ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకుని జనం. ఆ క్యాన్లు కారు కోసం కాదు, జనరేటర్ కోసం. ఇక్కడ కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి టైలర్, బార్బర్, చల్లటి నీళ్ళు అమ్మే ఆవిడ, అందరూ చిన్న జనరేటర్ మీదే బతుకుతారు. ఒక పెద్దాయన క్యాన్‌ని బోర్లా పెట్టి దాని మీద కూర్చున్నాడు, చేతిలో రేడియో. అందులో ప్రసంగం మళ్ళీ వేస్తున్నారు. ఆ వాక్యం వచ్చినప్పుడు లైన్లో ఎవరూ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం ఇంకా ఏ ధరా అధికారికంగా మారలేదని గుర్తు పెట్టుకోండి. బడ్జెట్ ప్రకారం జూన్ ఆఖరు దాకా సబ్సిడీకి డబ్బు కేటాయించే ఉంది. పాత ప్రభుత్వం చేసిన ఏర్పాటే అది. కొత్త అధ్యక్షుడి మనుషులు కూడా ఇప్పటికిప్పుడు కాదు, జూన్ తర్వాత అని సర్దిచెప్పడానికి చూశారు. కానీ ఎల్లుండి ధర పెరుగుతుందని తెలిశాక ఇవాళ పాత ధరకి ఎవడు అమ్ముతాడు? మే 31కి ప్రభుత్వ చమురు సంస్థ ఎన్ఎన్‌పీసీ తన బంకుల్లో ధర మార్చేసింది. లాగోస్‌లో లీటర్ 190 నైరాల దగ్గర ఉన్నది 488 అయింది. ఈశాన్యంలో మైదుగురిలో 557. రెండు రోజుల్లో రెండున్నర రెట్లు.

జూన్ 1న ఆఫీసుకి వెళ్ళగానే రిజిస్టర్‌లో ఇంకో రెండు గళ్ళు గీశాను. ఒకటి పెట్రోల్ లీటర్ ధర. రెండోది ఇకొరొడు నుంచి ఇకెజాకి బస్సు ఛార్జీ, ఎందుకంటే మా డ్రైవర్ వచ్చేది అక్కడి నుంచి, మధ్యలో కేటులో బస్సు మారతాడు. అతను చెప్పిన లెక్క ఇది: మే నెలలో ఒక వైపుకి 600 నైరాలు, ఇప్పుడు 1,100. నెలకి 26 రోజులు, రానూపోనూ. అంటే 31,200 ఉన్నది 57,200 అయింది. అతని జీతం అప్పుడు 70,000. కాలిక్యులేటర్‌లో ఆ అంకె వచ్చాక ఇద్దరం కాసేపు దాని వంకే చూస్తూ ఉండిపోయాం. భార్య, ముగ్గురు పిల్లలు, ఇంటద్దె, వీటన్నిటికీ మిగిలింది 12,800.

ఆ వారం నుంచి అతను సోమవారం వచ్చి గురువారం దాకా ఫ్యాక్టరీ సెక్యూరిటీ గదిలోనే పడుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కడే కాదు, షాప్ ఫ్లోర్ వాళ్ళు ఏడెనిమిది మంది. ప్యాకింగ్ అట్టలు పరుచుకుని పడుకునేవాళ్ళు. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి నెలకి 15,000 ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ ఇప్పించగలిగాను కానీ అది జూలైకి గానీ రాలేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సబ్సిడీ తీసెయ్యడం తప్పని నేను అనను, అప్పుడూ అనలేదు. 2023 మొదటి ఆరు నెలలకే దానికి 3.36 లక్షల కోట్ల నైరాలు కేటాయించారు. ముడి చమురు అమ్ముకునే దేశం పెట్రోల్ బయటి నుంచి కొనుక్కునేది, ఎందుకంటే పోర్ట్ హార్‌కోర్ట్, వారీ, కడూనాల్లో ఉన్న ప్రభుత్వ రిఫైనరీలు మూలన పడ్డాయి. చవగ్గా అమ్మిన పెట్రోల్ సరిహద్దు దాటి బెనిన్‌కి, కామెరూన్‌కి పోయేది. నాలుగు కార్లున్న వాడికి నాలుగు కార్ల సబ్సిడీ, బస్సెక్కేవాడికి బస్సులో సీటంత సబ్సిడీ. ఎన్నికల్లో నిలబడ్డ ముగ్గురు పెద్ద అభ్యర్థులూ, టినుబు, అతికు అబూబకర్, పీటర్ ఒబీ, ముగ్గురూ దీన్ని తీసేస్తామనే చెప్పారు. కాబట్టి ఎవరు గెలిచినా ఇది పోయేదే. నా బాధ అంతా వరుస గురించి. పేదవాడి చేతిలో ముందు ఏదైనా పెట్టి తర్వాత ధర పెంచడం ఒకటి, ముందు ధర పెంచేసి తర్వాత ఏం పెట్టాలో ఆలోచించడం ఇంకొకటి.

దీన్ని నేను ఊహించి చెప్పడం లేదు. మా నాన్నకి లారీ ఉండేది. 2013 జనవరిలో మన దగ్గర డీజిల్ ధర నెలకి 50 పైసల చొప్పున పెంచుకోవచ్చని ఆయిల్ కంపెనీలకి అనుమతి ఇచ్చారు. ప్రతి నెలా నాన్న విసుక్కునేవాడు, "మళ్ళీ అర్ధరూపాయి పెంచార్రా" అని. కానీ కిరాయి మాట్లాడుకునేటప్పుడు ఆ అర్ధరూపాయి కలిపే మాట్లాడుకునేవాడు, ఎందుకంటే వచ్చే నెల ఎంత పెరుగుతుందో ముందే తెలుసు. 2014 అక్టోబరులో డీజిల్ ధర పూర్తిగా వదిలేసే సమయానికి లోటు కరిగిపోయింది. ప్రపంచంలో చమురు ధర పడిపోవడం కూడా కలిసొచ్చిందనుకోండి, అది ఒప్పుకోవాలి. అయినా లారీ ఒక్క రోజు ఆగలేదు. నైజీరియా ఖజానాకి అంత తీరిక లేదని ఇక్కడి అధికారులు చెప్పే మాటలో నిజముంది, అప్పుల వడ్డీలకే రాబడి చాలని పరిస్థితి. కనీసం ఆ నెల రోజులు, బడ్జెట్‌లో డబ్బు పెట్టి ఉంచిన ఆ జూన్ నెల, వాడుకుని ఉండాల్సింది.

ఇక నా డాలర్ సంగతి. జూన్ 9న సెంట్రల్ బ్యాంకు గవర్నర్ గాడ్విన్ ఎమెఫియేలేని పక్కన పెట్టారు. జూన్ 14న రకరకాల డాలర్ ధరలన్నీ తీసేసి, ఒకే మార్కెట్ అన్నారు. నేను బ్యాంకులోనే ఉన్నాను ఆ రోజు. పొద్దున 471, సాయంత్రానికి 664. ఒక్క రోజులో. కౌంటర్ వెనక అమ్మాయి తెర నా వైపు తిప్పి చూపించింది, మాట్లాడలేదు. నేను కోరుకున్నదే జరిగింది, కానీ ఇంటికి వెళ్ళేటప్పుడు నాకు సంతోషంగా లేదు, ఎందుకంటే నా బ్యాగులో ఒక ఎల్సీ ఉంది.

ఆ ఎల్సీ కథ వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ దేశంలో వందల కంపెనీలకి అప్పుడు ఇదే జరిగింది, బయటివాళ్ళకి ఇది అంకెల్లో కనపడదు. 2022 నవంబరులో నాలుగు కంటైనర్ల దానా ఆర్డర్ ఇచ్చాం, 96,000 డాలర్లు. అప్పుడు ధర 445. ఆ లెక్కన 4 కోట్ల 27 లక్షల నైరాలు బ్యాంకులో కట్టేశాం, రశీదు కూడా ఉంది. సరుకు అప్పు మీద వచ్చింది, వాడేశాం, బకెట్లు చేసి 445 లెక్కన ధర కట్టి అమ్మేశాం, ఆ డబ్బుతో జీతాలు ఇచ్చేశాం. కానీ బ్యాంకు దగ్గర డాలర్లు లేవు కాబట్టి అమ్మినవాడికి సొమ్ము వెళ్ళలేదు. రేపు మాపు అంటూ లాగారు. ఈలోగా డాలర్ ధర ఎగిరింది. జూలైలో సగం డాలర్లు దొరికాయి, 770 చొప్పున. మిగతా సగం 2024 ఫిబ్రవరిలో, 1,500 చొప్పున. మొత్తం కలిపితే 10 కోట్ల 90 లక్షలు. అంటే ఎప్పుడో వాడేసిన సరుకుకి, ఎప్పుడో అమ్మేసిన బకెట్లకి, 6 కోట్ల 60 లక్షలు మళ్ళీ కట్టాం. ఒక్క ఎల్సీ మీద. ఆ ఏడాది మెషీన్లు రెండు అమ్మేశారు. రాత్రి షిఫ్టు ఎత్తేశారు, 40 మంది ఇంటికి వెళ్ళారు. వాళ్ళకి లెక్క సర్దేటప్పుడు స్టోర్స్ రికార్డులు చూడాలి కాబట్టి నేను కూడా ఆ గదిలో కూర్చున్నాను. ఒకతను సంతకం పెట్టి, పెన్ను మూత పెట్టి, నా ముందు పెట్టి, "థాంక్యూ ఓగా" అని వెళ్ళాడు. ఆ మాటకి నాకు ఏం జవాబు చెప్పాలో తెలియలేదు.

పెద్దవాళ్ళ సంగతీ అంతే. గ్లాక్సోస్మిత్‌క్లైన్ 2023 ఆగస్టులో నైజీరియా నుంచి వెళ్ళిపోతున్నట్టు చెప్పింది, డిసెంబరులో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఇక్కడ తయారీ ఆపేస్తామంది. ఎంటీఎన్, నెస్లే లాంటివాటి ఇక్కడి సంస్థలు ఆ ఏడాది నష్టాలు చూపించాయి, కారణం నైరా పడిపోవడమే. ఇన్నేళ్ళుగా ధరని కృత్రిమంగా తొక్కిపెట్టారు కాబట్టి వదిలినప్పుడు ఇలా ఎగిరిందని నాకు తెలుసు. 1991లో పీవీ గారి ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించినప్పుడు రెండు మెట్లుగా, జూలై 1న కొంత, 3న కొంత, కలిపితే 20 శాతం లోపే తగ్గించింది. ఇక్కడ నైరా తన విలువలో మూడింట రెండు వంతులు పోగొట్టుకుంది, తొమ్మిది నెలల్లో.

మా ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు కూడా అప్పుడే వచ్చింది. లాగోస్‌లో మనవాళ్ళలో చాలామందికి జీతం డాలర్లలో మాట్లాడుకుంటారు. నాది నైరాల్లో. నెలకి 4 లక్షల నైరాలు ఇంటికి పంపేవాణ్ణి. ప్రసంగం నాటికి బజారు ధరలో అది దాదాపు 44,000 రూపాయలు. 2024 ఫిబ్రవరిలో అదే 4 లక్షలు 21,000 కూడా కాలేదు. కాకినాడలో మా ఫ్లాట్ ఈఎంఐ 26,000. ఆ నెల ఆవిడ నాకు చెప్పకుండా గాజులు బ్యాంకులో పెట్టింది. రెండు నెలల తర్వాత మా అమ్మాయి నోటి వెంట వచ్చింది ఆ సంగతి. నేను ఆ రాత్రి పడుకోలేదు. ఆగస్టు నుంచి సగం జీతం డాలర్ లెక్కన ఇవ్వడానికి మా యజమాని ఒప్పుకున్నాడు. నాకు ఆ దారి ఉంది. మా డ్రైవర్‌కి లేదు, జీతం ఏ లెక్కన ఇమ్మని అడుగుతాడు?

తిండి గురించి. ఇక్కడ బజార్లో బియ్యం, చిక్కుళ్ళు డెరికా డబ్బాతో కొలుస్తారు, పాతకాలపు టమాటా డబ్బా అది, అంచు దాకా పోసి పైన గోపురంలా వచ్చేలా పోస్తారు. ఆ గోపురం కొనేవాడి హక్కు. 2024 మొదట్లో ఒక శనివారం చూశాను, నేనెప్పుడూ కొనే ఆవిడ చేత్తో ఆ గోపురాన్ని నెమ్మదిగా చదును చేసింది. నాకు కాదు, నా ముందున్న అమ్మాయికి. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. తర్వాత వచ్చినావిడ సగం డబ్బా అడిగింది. సగం డబ్బా అడిగిన మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. మేం తెచ్చుకునే 50 కిలోల బస్తా 40,000 లోపు ఉన్నది అప్పటికి 75,000 దాటింది. ఆ ఫిబ్రవరిలోనే యాబాలో కస్టమ్స్ వాళ్ళు తాము పట్టుకున్న బియ్యాన్ని 25 కిలోలు 10,000 నైరాలకి అమ్మారు. తొక్కిసలాట జరిగి మనుషులు చనిపోయారు. అమ్మకం ఆపేశారు. మా ప్యాకింగ్‌లో పనిచేసే ఒకావిడ ఆ రోజు అక్కడే లైన్లో ఉందట, చెప్పు పోయింది, బియ్యం దొరకలేదు.

మరి ఇస్తామన్నవి ఏమయ్యాయి? సబ్సిడీ డబ్బు రోడ్లకి, చదువుకి, వైద్యానికి, ఉద్యోగాలకి మళ్ళిస్తామని ప్రసంగంలోనే చెప్పారు. జూలైలో కోటీ 20 లక్షల పేద కుటుంబాలకి నెలకి 8,000 చొప్పున ఆరు నెలలు అన్నారు. ఇది ఏ మూలకని జనం మండిపడితే మళ్ళీ ఆలోచిస్తామని వెనక్కి తీసుకున్నారు. జూలై 31న టీవీలో మాట్లాడి, 10,000 కోట్ల నైరాలతో 3,000 సీఎన్‌జీ బస్సులు 2024 మార్చి లోపు కొంటామన్నారు. ఆ మార్చి దాకా ఇకొరొడు దారిలో మా డ్రైవర్ ఒక్కటీ చూడలేదు, నేను ఇకెజా వైపు చూడలేదు. అక్టోబరు 1న కోటిన్నర కుటుంబాలకి మూడు నెలల పాటు 25,000 చొప్పున అన్నారు. 2024 జనవరిలో ఆ డబ్బు పంచాల్సిన శాఖ మంత్రినే సస్పెండ్ చేసి, ఆ పథకాలన్నీ ఆపేశారు. మా ఫ్యాక్టరీలో ఉన్నవాళ్ళలో ఎవరికైనా ఆ డబ్బు అందిందా అని నేను టీ టైమ్‌లో అందరినీ అడిగాను. ఎవరికీ అందలేదు. కనీస వేతనం 30,000 నుంచి 70,000 చేస్తూ సంతకం పెట్టింది 2024 జూలై ఆఖర్లో. ప్రసంగానికీ దానికీ మధ్య 14 నెలలు.

ఈ 14 నెలల్లో పెంచాల్సినవి మాత్రం ఏవీ ఆలస్యం కాలేదు. 2024 ఏప్రిల్‌లో, రోజుకి 20 గంటలు కరెంటు ఇస్తామని చెప్పే బ్యాండ్ ఏ లైన్ల మీద యూనిట్ 68 నుంచి 225 చేశారు. మాది ఆ లైనే, 20 గంటలు ఇచ్చిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వడ్డీ రేట్లు తగ్గాలని ప్రసంగంలో అన్నారు కదా, ఆ రోజు సెంట్రల్ బ్యాంకు రేటు 18.5 శాతం. 2024 నవంబరుకి 27.5. ధరలు అలా పెరుగుతుంటే కొత్త గవర్నర్ ఒలయేమి కార్డోసో ఇంకేం చేస్తారు, అది నాకు అర్థమవుతుంది. 2024 డిసెంబరులో ద్రవ్యోల్బణం 34.8 శాతం. కానీ 30 శాతం పైన వడ్డీకి అప్పు తెచ్చి కొత్త మెషీన్ పెట్టమంటే ఏ యజమానీ పెట్టడు, కొత్త ఉద్యోగమూ రాదు.

2024 ఆగస్టు 1 నుంచి దేశమంతా నిరసనలు. ఫ్యాక్టరీ మూడు రోజులు మూసేశాం. ఉత్తరాన కొన్ని రాష్ట్రాల్లో కర్ఫ్యూ పెట్టారు. మా డ్రైవర్ ఓజోటాలో జరిగిన దానికి వెళ్ళాడు. వెళ్ళొద్దని చెప్పబోయి ఆగిపోయాను.

ఇదంతా రాశాక, జరిగిన మంచి కూడా రాయకపోతే అన్యాయం అవుతుంది. డాలర్ మాట నిలబెట్టుకున్నారు. 2025 వచ్చేసరికి బ్యాంకు ధరకీ బజారు ధరకీ మధ్య తేడా చాలా కొంచెమే మిగిలింది, రెండూ 1,500 అటూ ఇటూ. ఫారం ఎం పెడితే ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా రోజుల్లో డాలర్ దొరుకుతోంది. ఈ పని నాలుగేళ్ళు చేసినవాడికి తెలుస్తుంది ఇది ఎంత పెద్ద మార్పో. సెంట్రల్ బ్యాంకు దగ్గర పేరుకుపోయిన పాత డాలర్ బాకీల్లో నిజమైనవన్నీ తీర్చేశామని 2024 మార్చిలో చెప్పారు, మా బ్యాంకులో వేరే ఎల్సీ కూడా ఆ మార్చిలోనే తేలింది. లెక్కీలో డాంగోటే రిఫైనరీ 2024 సెప్టెంబరులో పెట్రోల్ ఇవ్వడం మొదలుపెట్టింది, రోజుకి 6,50,000 బ్యారెళ్ళ సామర్థ్యం. సబ్సిడీ పోకపోతే ఆ పెట్రోల్ ఏ ధరకి అమ్మేవాళ్ళు, ఎవరు కొనేవాళ్ళు? ఆ అక్టోబరులో లాగోస్‌లో లీటర్ 1,000 దాటిన ధర 2025లో 900 చుట్టూ ఆడింది. 2025 సెప్టెంబరులో వడ్డీ రేటు అర శాతం తగ్గించారు, ఈ ప్రభుత్వం వచ్చాక మొదటిసారి. మా ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు మళ్ళీ మొదలైంది, వెళ్ళిపోయిన 40 మందిలో 11 మంది తిరిగి వచ్చారు. ఆ రోజు పెన్ను నా ముందు పెట్టి వెళ్ళినతను రాలేదు. ఫోన్ చేశాను, నంబర్ పనిచేయడం లేదు.

కంపెనీ 2024 చివర్లో కేటు నుంచి స్టాఫ్ బస్సు పెట్టింది. అప్పటి నుంచి మా డ్రైవర్ రోజూ ఇంటికి వెళ్తున్నాడు. ఏడాదిన్నర పాటు వారంలో నాలుగు రాత్రులు ఇంట్లో లేడు అతను. చిన్న పిల్ల మొదట్లో తన దగ్గర పడుకోవడానికి రాలేదని, వాళ్ళమ్మ కొంగు పట్టుకుని దాక్కుందని ఒకసారి కారు నడుపుతూ చెప్పాడు. ఇకొరొడు నుంచి కేటు దాకా బస్సు ఖర్చు మాత్రం ఇంకా తనదే.

మొన్న సోమవారం రిజిస్టర్ పాత పుస్తకం అయిపోతే కొత్తది తీశాను. గళ్ళు గీసేటప్పుడు బజారు డాలర్ గడి గీయలేదు, ఇక దానితో పని లేదు. పెట్రోల్ గడి గీశాను. బస్సు ఛార్జీ గడి గీశాను. డ్రైవర్ తాళాల కోసం లోపలికి వచ్చినప్పుడు ఇవాళ ఎంత పడిందని అడిగాను. చెప్పాడు, రాసుకున్నాను.